కాలు దించితే మార్కు పోతుంది

స్కాట్లండ్ పశ్చిమ కొండల్లో సముద్రపు పాయ ఒకటి లోపలికి చొచ్చుకొచ్చి ఆగిపోయే చోట కిన్‌లాక్‌లెవెన్ అనే చిన్న ఊరుంది. 1909 ప్రాంతంలో అక్కడ అల్యూమినియం కర్మాగారం పెట్టారు. దానికి కావలసిన కరెంటు కోసం కొండమీది బ్లాక్‌వాటర్ జలాశయం నుంచి లావుపాటి గొట్టాల్లో నీళ్ళు కిందికి దించారు. ఆ గొట్టాల పక్కనే కొండెక్కే రాళ్ళ బాట పేరు పైప్‌లైన్. కర్మాగారం ఎప్పుడో మూతపడింది. బాట పేరు మాత్రం మోటర్‌సైకిలు మనుషుల నోళ్ళలో ఇంకా నానుతూనే ఉంది. మే నెల వచ్చిందంటే ఆ బాట పక్కన జనం గొడుగులూ రెయిన్‌కోట్లూ వేసుకుని నిలబడతారు. ఏరియల్, ఏజేఎస్, మ్యాచ్‌లెస్, బీఎస్‌ఏ, ట్రయంఫ్, రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చాలావాటి వయసు అరవై దాటింది. మనిషి నడిచేంత వేగంతో, ఒక్కో రాయినీ తడుముకుంటున్నట్టుగా పైకెక్కుతాయి. వేగంగా వచ్చినవాడికి ఇక్కడ ఏ బహుమతీ లేదు.

దీన్ని ట్రయల్స్ పోటీ అంటారు. వాగులోనో, బండల మీదో, బురద గట్టు మీదో కొన్ని గజాల దారికి రెండు పక్కలా గుర్తులు పెడతారు. దాన్ని సెక్షన్ అంటారు. బండి ఆగకూడదు, హద్దు దాటకూడదు, కాలు నేలకు తగలకూడదు. పాత పద్ధతిలో లెక్క ఇలా ఉండేది: కాలు ఒక్కసారి దించితే ఒక మార్కు పోతుంది, కాళ్ళు ఈడ్చుకుంటూ బయటపడితే మూడు, బండి ఆగినా పడినా ఐదు. ఏదీ పోకుండా దాటితే ‘క్లీన్’. సెక్షన్ పక్కన పరిశీలకుడు నిలబడి ఇదంతా రాసుకుంటాడు. రోజు ముగిసేసరికి ఎవరు తక్కువ పోగొట్టుకున్నారో వాళ్ళే విజేత. ఇంజను శక్తి దండిగా ఉన్నవాడు గెలిచే ఆట కాదిది. ఉన్న శక్తిలో ఎంత వాడాలో, ఎప్పుడు వాడకూడదో తెలిసినవాడు గెలుస్తాడు. అందుకే భౌతికశాస్త్రం చదివేవాళ్ళకు ఇంత మంచి ప్రయోగశాల ఇంకోటి దొరకదని నేననుకుంటాను. పందెం ట్రాక్ మీద వేగం చాలా తప్పుల్ని కప్పేస్తుంది. గంటకు 6 కిలోమీటర్ల దగ్గర ఏదీ దాగదు.

పోటీ పుట్టిన కారణం చాలా మామూలుది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోటర్‌సైకిలు కొండ ఎక్కుతుందా అన్నదే కొనేవాళ్ళకు అనుమానం. చాలా బండ్లకు ఒకటే గేరు. ఇంజను నుంచి చక్రానికి తోలు బెల్టు. వాన పడితే ఆ బెల్టు జారేది. మా బండి ఎక్కుతుందని నిరూపించుకోవడానికి తయారీదారులు ఏరికోరి నిటారు కొండల మీదికి తీసుకెళ్ళేవారు. స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ మూలాలు 1909లో ఉన్నాయి. 1914లో యార్క్‌షైర్‌లో ఆల్‌ఫ్రెడ్ యాంగస్ స్కాట్ కంపెనీ తన పనివాళ్ళ కోసం పెట్టుకున్న పోటీయే తర్వాత స్కాట్ ట్రయల్‌గా పేరుపొందింది. కొన్నాళ్ళకు రోడ్లు బాగుపడ్డాయి, గేర్‌బాక్సులు వచ్చాయి, కొండలన్నీ అందరూ ఎక్కేశారు. అప్పుడు నిర్వాహకులు రోడ్డు వదిలి వాగుల్లోకి దిగారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఈ ఆటకు స్వర్ణయుగం వచ్చింది. సైన్యం వదిలించుకున్న బండ్లు చౌకగా దొరికాయి. పెట్రోలుకు రేషన్ ఉన్నా, తక్కువ దూరంలో, తక్కువ ఖర్చుతో ఆడే ఆట కనక ఆదివారాలు క్లబ్బులు కళకళలాడేవి. యుద్ధకాలంలో కాలువ పడవల మీద సరుకు మోసిన బర్మింగ్‌హామ్ యువతి ఓల్గా కెవెలోస్ ఆ తరంలోనే ట్రయల్స్‌లోకి వచ్చింది. అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో రెండు బంగారు పతకాలు గెలిచింది. ఆవిడ గురించి వేరే పుస్తకమే రాయాలి. మనం బండి లోపలికి వెళదాం.

ఆనాటి బ్రిటిష్ ట్రయల్స్ బండి అంటే దాదాపుగా ఒకే సిలిండరు, నాలుగు స్ట్రోకుల ఇంజను, 350 లేదా 500 సీసీ. మన రోడ్ల మీద దాని తోబుట్టువు ఇంకా తిరుగుతోంది కాబట్టి తెలుగు పాఠకుడికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. ఇంగ్లండులోని రెడిచ్‌లో రూపుదిద్దుకున్న 350 సీసీ బుల్లెట్, 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా ద్వారా మద్రాసు చేరి, అక్కణ్ణించి మన ఊళ్ళకు వచ్చింది. ఆంపియర్ మీటర్ ముల్లు చూసుకుంటూ, డీకంప్రెసర్ లివర్ నొక్కి, కిక్కును మెల్లగా కిందికి తెచ్చి, ఆపైన ఒక్క తన్ను తన్నే పాత బుల్లెట్ యజమానులు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇంజను లోపల పిస్టన్ పై నుంచి కిందికి 90 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. సిలిండరు వ్యాసం మాత్రం 70 మిల్లీమీటర్లే. పొడవైన స్ట్రోకు, నింపాదిగా తిరిగే ఇంజను.

నాలుగు స్ట్రోకుల్లో బలం వచ్చేది ఒక్కదానిలోనే. గాలి, పెట్రోలు లోపలికి పీల్చడం, నొక్కడం, పేలడం, పొగ బయటికి తోయడం: వీటిలో మూడో దానిలో తప్ప మిగతా మూడింటిలోనూ ఇంజనుకు ఎవరో తోడు పట్టాలి. ఆ తోడు ఫ్లైవీలు. కుమ్మరి సారెను కర్రతో తిప్పి వదిలేస్తే ఆ తిరుగుడు మీదే కుండ లేస్తుంది. పిస్టన్ ఇచ్చిన ఒక్క తోపును దాచుకుని మిగతా మూడు స్ట్రోకులూ నడిపించడం ఫ్లైవీలు పని. పాత బ్రిటిష్ ఇంజన్లలో క్రాంక్‌కు రెండు పక్కలా పెద్ద పోత చక్రాలు ఉండేవి. రోడ్డు బండి కొనేవాడికి అవి పికప్ తగ్గించే దండగ బరువు. ట్రయల్స్ రైడర్‌కు అవే ప్రాణం. ఎందుకో లెక్కవేసి చూస్తే తప్ప పూర్తిగా అర్థం కాదు. గుండ్రని అంకెలతో వేద్దాం.

ఇంజను నిమిషానికి 1000 సార్లు తిరుగుతోందనుకుందాం. మొదటి గేరులో ఇంజను 20 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరిగేలా ట్రయల్స్ బండికి పళ్ళు అమరుస్తారు. అంటే చక్రం నిమిషానికి 50 చుట్లు. చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు కాబట్టి బండి నిమిషానికి నూరు మీటర్ల చిల్లర వెళుతుంది. గంటకు 6 కిలోమీటర్ల వేగం. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది కనక నిమిషానికి 500 పేలుళ్ళు. భాగిస్తే, ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య బండి 20 సెంటీమీటర్లు కదులుతుంది. దాదాపు జానెడు. పైప్‌లైన్ పక్కన నిలబడ్డవాళ్ళు ఒక్కో పేలుడునూ విడివిడిగా లెక్కపెట్టగలరు. రాయి ఎత్తు జానెడుంటే, దాన్ని ఎక్కడమంతా ఒకటి రెండు పేలుళ్ళ మీద జరగాలి. పేలుడు సరిగ్గా అవసరమైన చోటే రావాలని ఏముంది? మధ్యలోనే బండి ఆగిపోవాలి. ఆగదు, ఫ్లైవీలు ఉంది కనక.

ఫ్లైవీళ్ళ జత బరువు 10 కిలోలు, వ్యాసార్ధం 9 సెంటీమీటర్లు అనుకుందాం. దాని జడత్వ భ్రామకం సుమారు 0.04 యూనిట్లు. నిమిషానికి 1000 చుట్ల దగ్గర అందులో దాగిన గతిశక్తి దాదాపు 220 జౌళ్ళు. బండి 110 కిలోలు, మనిషి 75 కిలోలు, మొత్తం 185 కిలోలు అనుకుంటే, ఆ 220 జౌళ్ళు వాళ్ళిద్దర్నీ 12 సెంటీమీటర్లు పైకెత్తగలవు. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నందుకు బండికీ మనిషికీ సొంతంగా ఉన్న గతిశక్తి ఇంకో 14 సెంటీమీటర్లు ఎత్తుతుంది. రెండూ కలిపితే ఇంజను ఇంకేమీ ఇవ్వకపోయినా పావు మీటరు గట్టు ఎక్కే శక్తి చేతిలో ఉన్నట్టే. అందులో సగానికి కాస్త తక్కువ ఆ చిన్న ఇనుప చక్రాల్లోనే ఉంది. ఇంజను వేగం రెట్టింపయితే ఫ్లైవీలు వాటా నాలుగు రెట్లవుతుంది. గట్టు ముందర రైడర్ క్లచ్ కొద్దిగా పట్టి, ఇంజనును ఒక్కసారి గుర్రుమనిపించి, క్లచ్ వదులుతూ రాయి మీదికి వెళ్ళడం చూస్తే, అతను ఈ డబ్బాలో శక్తి నింపుకుని ఖర్చు పెడుతున్నాడని గుర్తుపట్టవచ్చు.

ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. గేర్ల వల్ల ఫ్లైవీలు చక్రం కంటే 20 రెట్లు వేగంగా తిరుగుతోంది. గతిశక్తి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి చక్రం దృష్టిలో దాని జడత్వం 400 రెట్లవుతుంది. ఆ లెక్క ముందుకు నడిపితే, మొదటి గేరులో ఆ పది కిలోల ఫ్లైవీలు బండికి దాదాపు 150 కిలోల అదనపు జడత్వాన్ని ఇస్తోందని తేలుతుంది. కొండ ఎక్కేటప్పుడు భూమి లాగేది పది కిలోల్నే. బండి వేగాన్ని మార్చాలని రాయో, నాచో, రైడర్ చేతి వణుకో ప్రయత్నించినప్పుడు మాత్రం అడ్డుపడేది 150 కిలోలు. పైగా గేరు మారుస్తే ఈ కనిపించని బరువు కూడా మారిపోతుంది. పై గేరులో గేరు నిష్పత్తి సగమైతే, ఆ 150 కాస్తా 40కి దిగుతుంది. నేను చదివిన ఇంజనీరింగు విషయాల్లో ఇంత అందమైనవి తక్కువ.

ఆ జడత్వం అసలు పనితనం నాచుపట్టిన రాయి మీద బయటపడుతుంది. జారని టైరుకూ రాయికీ మధ్య ఉండే స్థైతిక ఘర్షణ కంటే, ఒకసారి జారడం మొదలయ్యాక మిగిలే జారుడు ఘర్షణ తక్కువ. టైరు పట్టు వదిలిన క్షణంలో చక్రానికి ఎదురుబలం పోతుంది. ఇంజను ఇస్తున్న తిప్పుడు బలమంతా చక్రాన్ని వృథాగా తిప్పడానికి పోతుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే పట్టు దొరకడం అంత కష్టం. ఇక్కడ తేల్చేది ఆ వేగం ఎంత త్వరగా పెరుగుతుందన్నదే. మన ఊహా ఇంజనులో 15 న్యూటన్ మీటర్ల మిగులు బలం ఉంటే, సెకనులో పదోవంతు కాలంలో ఇంజను వేగం 1000 నుంచి 1360 దాకా పెరుగుతుంది. ఫ్లైవీలు సగం తేలిక చేస్తే అదే కాలంలో 1700 దాటిపోతుంది. మనిషి చెయ్యి స్పందించడానికి సెకనులో అయిదోవంతు పడుతుంది. బరువైన ఫ్లైవీలు ఆ మనిషికి సమయం కొనిపెడుతుంది. ఈలోగా టైరు నాచు దాటి పొడి రాయి మీదికి వచ్చేసి ఉండవచ్చు కూడా.

ఆ రోజుల బండికి ఇంకో ఆయుధం కూడా ఉండేది. మ్యాగ్నెటో స్పార్క్‌ను ముందుకూ వెనక్కీ జరిపే లివర్ హ్యాండిల్ మీదే ఉండేది. జారుడు చోట స్పార్క్ ఆలస్యం చేస్తే పేలుడు మెత్తబడుతుంది. ఇంజను దాదాపు ఆగిపోతున్నట్టు వినిపిస్తూ, ఆగకుండా, ఒక్కో దెబ్బా తూకం వేసినట్టు కొడుతుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇది తనంతట తాను చేస్తుంది. అప్పుడది ఎడమచేతి వేళ్ళకు తెలిసిన విద్య.

దీనికి మూల్యం లేకపోలేదు. బరువైన ఫ్లైవీలు తొందరగా వేగం అందుకోదు, తొందరగా తగ్గదు. ఆఖరి క్షణంలో మనసు మార్చుకున్న రైడర్ మాట అది వినదు. అందుకే ఆ తరం రైడర్లు సెక్షన్ మొత్తాన్నీ ముందు కాలినడకన చూసుకుని, ఏ రాయి ఎడమగా, ఏ రాయి కుడిగా అన్నది మనసులో గీసుకుని గాని బండి ఎక్కేవారు కాదు. ఇప్పటికీ అదే పద్ధతి.

టైర్ల సంగతికొస్తాను. పంక్చర్ షాపులో బుల్లెట్ వెనక చక్రానికి ముప్పై పౌండ్ల గాలి పెట్టించుకోవడం మనకు అలవాటు. ట్రయల్స్ రైడర్ వెనక టైరులో పెట్టుకునేది నాలుగైదు పౌండ్లే. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. వెనక చక్రం మీద 110 కిలోల భారం పడుతోందనుకుంటే, 30 పౌండ్ల గాలి ఉన్న టైరు నేలను తాకే జాగా 50 చదరపు సెంటీమీటర్లు. 5 పౌండ్ల దగ్గర అది 300 దాటుతుంది. టైరు గోడల బిరుసు కొంత భారం మోస్తుంది కాబట్టి నిజంలో అంత ఉండదు గానీ, తేడా మాత్రం అనేక రెట్లే.

తాకే జాగా పెరిగితే పట్టు పెరుగుతుందా? ఘర్షణ వైశాల్యం మీద ఆధారపడదని హైస్కూల్లో చదువుకున్నాం. చెక్కదిమ్మెకూ ఇనుప పలకకూ ఆ సూత్రం బాగానే సరిపోతుంది. రబ్బరు ఆ సూత్రానికి లోబడదు. అది రాతి గరుకుల్లోకి ఒదిగిపోతుంది. చదరపు సెంటీమీటరు మీద ఒత్తిడి పెరిగేకొద్దీ దాని ఘర్షణ గుణకం తగ్గుతుంది. అదే భారాన్ని ఎక్కువ జాగా మీద పరిస్తే మొత్తం పట్టు పెరుగుతుంది. పైగా మెత్తటి టైరు రాతి అంచు చుట్టూ వంగి దాన్ని పట్టుకుంటుంది. గట్టి టైరు ఆ అంచును తాకి ఎగురుతుంది. అయితే అంత తక్కువ గాలితో ఇంజను బలానికి రిమ్ము లోపల తిరిగి టైరు అక్కడే ఉండిపోయే ప్రమాదం ఉంది. ట్యూబు వాల్వు తెగిపోతుంది. అందుకే రిమ్ముకు టైరును బిగించి పట్టే బోల్టులు పెడతారు. ముందు చక్రం 21 అంగుళాలు ఉండడం కూడా రాళ్ళ కోసమే. చక్రం పెద్దదయ్యేకొద్దీ అదే రాయి దానికి చిన్న మెట్టుగా ఎదురవుతుంది.

సమతూకం మాటకొస్తే, తిరిగే చక్రాలు బండిని నిలబెడతాయన్న నమ్మకాన్ని ఇక్కడ పక్కన పెట్టాలి. నడక వేగం దగ్గర ఆ ప్రభావం నామమాత్రం. బండి ఎటు ఒరిగితే అటు హ్యాండిల్ కొద్దిగా తిప్పి చక్రాల్ని బరువు కిందికి తెచ్చుకోవడం, ఒళ్ళు అటూ ఇటూ జరపడం, ఈ రెండే ఆధారాలు. ట్రయల్స్ రైడర్ ఎప్పుడూ ఫుట్‌రెస్టుల మీద నిలబడే ఉంటాడు. నిలబడితే గురుత్వ కేంద్రం పైకి పోతుంది, త్వరగా పడిపోతాడు కదా అనిపిస్తుంది. లెక్క తిరగబడి చెబుతుంది. ఒరగడం మొదలైన వస్తువు ఎంత సేపట్లో పడుతుందన్నది దాని గురుత్వ కేంద్రం ఎత్తు వర్గమూలాన్నిబట్టి ఉంటుంది. 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ కాలపరిమాణం 0.27 సెకన్లు, మీటరు ఎత్తులో 0.32 సెకన్లు. సెకనులో ఇరవయ్యోవంతు లాభం. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. సీటు మీద కూర్చున్నవాడు బండిలో భాగం. నిలబడ్డవాడు బండితో కీలు ఉన్న రెండో వస్తువు. బండిని ఎడమకు వాల్చి తాను కుడికి జరిగితే మొత్తం బరువు చక్రాల మీదే నిలుస్తుంది. మోకాళ్ళు స్ప్రింగులవుతాయి.

స్ప్రింగులంటే గుర్తొచ్చింది. యుద్ధానంతరం ట్రయల్స్ పెద్దలందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది: వెనక చక్రానికి స్ప్రింగులు ఉంటే పట్టు పోతుంది. చక్రం ఫ్రేముకు బిగుసుకుని ఉంటేనే రైడర్‌కు నేల తెలుస్తుందనేవారు. 1948 ఫిబ్రవరిలో కోల్‌మోర్ కప్ ట్రయల్‌కు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కొత్త బుల్లెట్లను తెచ్చింది. వెనక చక్రం ఊగే చేతుల మీద ఉంది, రెండు పక్కలా షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. పాతకాపులకు అవి నచ్చలేదు. అదే ఏడు ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో గెలిచిన బ్రిటిష్ జట్టులో రెండు బుల్లెట్లు ఉన్నాయి. వాటిని నడిపిన చార్లీ రోజర్స్, విక్ బ్రిటెయిన్ ఇద్దరికీ బంగారు పతకాలు వచ్చాయి. విక్ కొడుకు జానీ బ్రిటెయిన్ 350 బుల్లెట్ మీద 1952లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. 1957లో మళ్ళీ గెలిచాడు. స్ప్రింగు లేని చక్రం రాయికి తగిలి ఎగిరినప్పుడు గాల్లో ఉన్నంతసేపూ దానికి పట్టు సున్నా. స్ప్రింగు చక్రాన్ని మళ్ళీ నేలకు తోస్తుంది. ఇంత స్పష్టమైన విషయాన్ని ఒప్పుకోవడానికి అంతమంది నిపుణులకు కొన్నేళ్ళు పట్టింది. తొలినాటి స్ప్రింగు బండ్లు బరువెక్కువ, వాటి డ్యాంపింగ్ అంతంతమాత్రం కాబట్టి వాళ్ళ అనుమానం పూర్తిగా మూఢనమ్మకం కాదని కూడా ఒప్పుకోవాలి. జానీ బ్రిటెయిన్ గౌరవార్థం 2019లో మన దేశంలో బుల్లెట్ ట్రయల్స్ పేరుతో 350, 500 మోడళ్ళు విడుదల చేశారు. హైదరాబాదు రోడ్డు మీద ఎత్తైన సైలెన్సరుతో అలాంటి బండి కనిపిస్తే, ఆ సైలెన్సరు అంత ఎత్తున ఎందుకుందో ఇప్పుడు పాఠకుడికి తెలుసు. కింద రాళ్ళుంటాయి.

ఇక మనుషుల్లో ఒకడి గురించి చెప్పకుండా ఉండలేను. గోర్డన్ జాక్సన్ 350 ఏజేఎస్ నడిపేవాడు. 1961 స్కాటిష్ సిక్స్ డేస్‌లో ఆరు రోజులు, కొండలూ వాగులూ దాటి అతను పోగొట్టుకున్నది ఒకే ఒక్క మార్కు. గ్రే మేర్స్ రిడ్జ్ అనే సెక్షన్‌లో ఒకసారి కాలు దించాడు, అంతే. నూరు కిలోలు దాటిన బండి. బ్రేకులు వాన తగిలితే సగం పనిచేసే రకం. మనం పైన వేసిన లెక్కలేవీ అతను కాగితం మీద వేసి ఉండడు. అయినా ఫ్లైవీలులో ఎన్ని జౌళ్ళు మిగిలాయో, టైరు కింద నాచు ఎంత మందాన ఉందో అతని కాళ్ళకూ వేళ్ళకూ తెలుసు. నైపుణ్యం గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చే అంకె ఆ ఒకటి.

బెల్‌ఫాస్ట్‌లో 1933లో పుట్టిన సామీ మిల్లర్ దారి వేరు. అతను 500 సీసీ ఏరియల్ తీసుకుని, కంపెనీ ఇచ్చిన రూపంతో తృప్తిపడకుండా, ఒక్కో భాగాన్నీ విప్పి తూకం వేశాడు. ఉక్కు ఉన్నచోట అల్యూమినియం, రేకు ఉన్నచోట ఫైబర్‌గ్లాస్ పెట్టాడు. జీఓవీ 132 అన్న నంబరు ప్లేటుతో ఆ బండి ఎంత పేరు తెచ్చుకుందంటే, బండి పేరు చెప్పకుండా నంబరు చెబితే చాలు. దాని బరువు దాదాపు 110 కిలోలకు దిగింది. 500 సీసీ బండికి అది అప్పట్లో నమ్మశక్యం కాని అంకె. ఫ్లైవీలు జడత్వాన్ని ఉంచుకుని, ఎత్తి మోయాల్సిన బరువును మాత్రం వదిలించుకోవడం అన్న రహస్యం అతనికి అందరికంటే ముందు పట్టుబడింది. 1962లో, 1964లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. 1959 నుంచి 1969 దాకా వరసగా పదకొండుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు.

ఆ పదకొండులో సగం మాత్రమే ఏరియల్‌వి. 1964 చివర్లో మిల్లర్ స్పెయిన్ వెళ్ళి బుల్టాకో కంపెనీకి 244 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజనుతో షెర్పా అనే బండిని తీర్చిదిద్దాడు. 90 కిలోల పైచిలుకు బరువు. 1965లో దానితోనే స్కాటిష్ గెలిచాడు. ఆ ఒక్క గెలుపు తర్వాత పెద్ద నాలుగు స్ట్రోకుల బండికి కాలం చెల్లిందని అందరికీ అర్థమైంది. 1966లో అలన్ లాంప్‌కిన్ బీఎస్‌ఏ మీద, 1969లో బిల్ విల్కిన్సన్ గ్రీవ్స్ మీద గెలిచి బ్రిటిష్ పేరు నిలబెట్టినా, అప్పటికే వెనక కర్మాగారాలు కూలిపోతున్నాయి. ఏజేఎస్, మ్యాచ్‌లెస్ తయారుచేసే సంస్థ 1966లో దివాలా తీసింది.

తేలికబండి ఎందుకు గెలిచిందన్నదానికి జవాబు ఎత్తాల్సిన కిలోలు తగ్గడం ఒక్కటే కాదు. మనిషి బరువుకూ బండి బరువుకూ మధ్య నిష్పత్తి మారింది. 75 కిలోల మనిషి 110 కిలోల బండి మీద తన ఒళ్ళు జరిపితే మొత్తం గురుత్వ కేంద్రం కొంతే కదులుతుంది. 90 కిలోల బండి మీద ఇంకొంచెం ఎక్కువ. ఇప్పటి ట్రయల్స్ బండ్లు 70 కిలోలకు ఇటూ అటూగా ఉంటున్నాయి. చాలామంది రైడర్ల కంటే బండే తేలిక. అక్కడ మనిషి బండిని ఎగరేసి, గాల్లో తిప్పి, నిటారు బండ మీద దింపుతున్నాడు. చూడడానికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కాని అది వేరే కళ. పాత బండి మీద ఎగరేయడం కుదరదు. ఆ బరువును, ఆ జడత్వాన్ని ఒప్పించి వెంట తీసుకెళ్ళాలి. ఆ విద్య ఆ యంత్రాలతో పాటు పోకూడదని పట్టుబట్టిన వాళ్ళు ఉండబట్టే, 1965కు ముందరి బండ్లకు ప్రత్యేకంగా ‘ప్రీ-65’ పోటీలు మొదలయ్యాయి. కిన్‌లాక్‌లెవెన్‌లో 1984 నుంచి జరుగుతున్నది వాటిలో పేరున్నది. ఏ ఏడును గీతగా పెట్టుకున్నారో చూస్తే, మిల్లర్ బుల్టాకో ఎంత పెద్ద మార్పు తెచ్చిందో తెలుస్తుంది.

ఈ పోటీల చుట్టూ ఒక తగువు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. బయటికి 1959 నాటి ట్రయంఫ్ కబ్‌లా కనిపించే బండి లోపల కొత్తగా కట్టిన ఫ్రేము, కొత్త లోహంతో చేసిన హబ్బులు, ముందు ఫోర్కుల్లో ఇప్పటి డ్యాంపింగు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే దాన్ని పాత బండి అనాలా? కావాలంటే మిల్లర్ కూడా తన ఏరియల్‌ను సగం మార్చేశాడు కదా అని వాదిస్తారు. నిజమే, ఈ ఆటలో బండిని మెరుగుపరచడం మొదటి నుంచీ ఉంది. 1959లో రాయ్ పెప్లో స్కాటిష్ గెలిచిన 199 సీసీ కబ్ కూడా దుకాణంలో కొన్నట్టే ఉండి ఉండదు. నా మనసు మాత్రం అసలు యంత్రాల వైపే మొగ్గుతుంది. కారణం పాతవాటి మీద మమకారం ఒక్కటే కాదు. బండిని 80 కిలోలకు దించి, ఫోర్కులు మార్చేసిన తర్వాత రైడర్ ఒంటికి వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. హ్యూ వైనీ 1947, 48, 49లో వరసగా మూడేళ్ళు ఏజేఎస్ మీద స్కాటిష్ గెలిచినప్పుడు ఏ ఇబ్బందిని గెలిచాడో మనకు తెలియాలంటే, ఆ బరువుతో, ఆ గట్టి వెనక చక్రంతో ఎవరో ఒకరు ఇవాళ కూడా వాగులోకి దిగాలి. అద్దాల గదిలో నిలబెట్టిన ఇంజను తన ఫ్లైవీలు గురించి ఏమీ చెప్పదు.

ఈ సంగతి తెలిసిన క్లబ్బులు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. వెనక స్ప్రింగు లేని బండ్లకు ఒక తరగతి, ఇంజను, గేర్‌బాక్సు విడివిడిగా ఉన్న పెద్ద బండ్లకు ఒక తరగతి, చిన్న రెండు స్ట్రోకుల బండ్లకు ఇంకొకటి పెడతాయి. ఒకే సెక్షన్‌లో రెండు మూడు దారులు గుర్తిస్తాయి. పాత బండి హ్యాండిల్ ఎక్కువ తిరగదు, కాబట్టి దాని దారిలో మలుపులు వెడల్పుగా ఉండాలి. దాని ఫుట్‌రెస్టులూ క్రాంక్‌కేసూ నేలకు దగ్గర, కాబట్టి నడుము తగిలే రాయిని తప్పించాలి. కానీ నాచు ఉండాలి, వాలు ఉండాలి, గట్టు ఎక్కే ముందు తడబడేంత నేల ఉండాలి. ముందు రోజు వానలో ఆ దారి గీసేవాళ్ళకు జీతం ఉండదు. 1940ల నాటి బండి ఎవరో ఒకరు తెస్తారని, అది కాలు దించకుండా దాటగలిగేలా ఉండాలని, తేలిగ్గా మాత్రం దాటకూడదని, వాళ్ళు మేకులు పీకి అడుగు పక్కకు జరిపి మళ్ళీ పాతుతుంటారు.